కారు ఫిల్టర్ మీద బొట్టు

మా మామయ్యగారు పోయారు. ఆ కబురు నాకు మా అపార్ట్‌మెంట్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. "గేటుకి అడ్డంగా వదిలేసిన వెండిరంగు కారు ఎవరిది? వెంటనే తీయండి" అని ఎవరో పెట్టిన మెసేజ్ కిందే అదీ ఉంది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్తాను. పొద్దుటి బ్యాచ్ నడుస్తున్నంతసేపూ ఫోన్ సైలెంట్‌లో ఉంది. క్లాసయ్యాక మొదటి మెసేజ్ చూసి, ఆ కారు మాదే కదా, మావారికి బుద్ధుందా లేదా అని విసుక్కున్నాను. దాని కిందిది చదివాక అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఛాతీలో బరువుగా ఉందని ఆయన అంటే, ఆస్పత్రికి తీసుకెళ్దామని మావారు కారు బయటికి తీశారట. గేటు దాటకముందే అంతా అయిపోయింది. ఆయన్ని మళ్ళీ ఇంట్లోకి చేర్చే హడావిడిలో కారు అక్కడే ఉండిపోయింది. పార్కింగులో గీత మీద చక్రం పడితే దిగి చూసుకుని, మళ్ళీ ఎక్కి సరిచేసుకునే మనిషి ఆయన. అలాంటి మనిషి బండి చివరికి పదిమందికీ అడ్డమైంది. తెలిస్తే ఎంత నొచ్చుకునేవారో.

ఆయన గురించి రాయమంటే పెద్ద పెద్ద సంగతులేమీ లేవండీ. ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంట్‌గా రిటైరయ్యారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. రోజూ పొద్దున్నే పసుపుపచ్చ గుడ్డతో కారు తుడిచేవారు. ఎక్కడికీ వెళ్ళని రోజు కూడా తుడిచేవారు. రోడ్డు మీద ఎవడైనా అడ్డొచ్చి దూరితే మావారు నోటికొచ్చినట్టు తిడతారు. ఆయన మాత్రం "కానివ్వండి బాబూ, తమరే కానివ్వండి" అని చెయ్యి ఊపేవారు. ఆ మాటలో వెటకారం పిసరంత కూడా ఉండేది కాదు. నాకు ఒళ్ళు మండేది. "మామయ్యగారూ, వాడిది తప్పండీ" అంటే, "తప్పు వాడిదేనమ్మాయ్, బంపరు మాత్రం మనది" అనేవారు.

నేను చెప్పదలుచుకున్నది ఆయనకీ మా నాయనకీ మధ్య జరిగిన సంగతి. అందులో ఒక కారు ఎయిర్ ఫిల్టర్ ఉంది. నవ్వకండి.

మా నాయన నల్గొండ జిల్లా పల్లె నుంచి లారీ మీద క్లీనరుగా వచ్చి, డ్రైవరై, చివరికి సొంతంగా ఒక వ్యాను కొనుక్కుని మీర్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నవాడు. నాదీ మావారిదీ ప్రేమ పెళ్ళి. ఒకే కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్తూ పరిచయమయ్యాం. "ఆంధ్రోళ్ళు బిడ్డా, వాళ్ళ పద్ధతులు వేరే, మన పద్ధతులు వేరే" అని మా నాయన చాలాకాలం మొరాయించాడు. అవతలివైపు వాళ్ళూ తక్కువ తినలేదు. చివరికి రెండువైపులా సరేనన్నారు గానీ, వియ్యంకులిద్దరి మధ్యా మర్యాద గోడలా నిలబడిపోయింది. "బావగారూ, బాగున్నారా?" "మంచిగున్న బావగారు, మీరు మంచిగున్నరా?" ఇంతే. ఆ తర్వాత ఇద్దరూ ఫ్యాను వంక చూసేవారు.

పైగా మా వైపు ఒక పట్టింపు ఉంది. బిడ్డనిచ్చిన ఇంట్లో తండ్రి అన్నం తినకూడదు. మా నాయన దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. వస్తే సోఫా చివర కూర్చుని ఒక్క టీ తాగి, "ఇగ పోతా బిడ్డా" అని లేచేవాడు. "అన్నయ్యగారూ, ఒక్క ముద్ద తినండి" అని మా అత్తయ్య బతిమాలేది. "ఇప్పుడే తిని వచ్చిన చెల్లెమ్మా" అనేవాడు. తిన్నాడో లేదో నాకు తెలుసు కదా! వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒక్కపూట భోంచేస్తే చూడాలని నా కోరిక. ఇంకేమీ అడగలేదు నేను ఆ ఇద్దరినీ.

ఇక ఫిల్టర్ సంగతి. మా కారు కొన్న తర్వాత వచ్చిన దసరా అది. పొద్దున్న మేడ మీదికి వెళ్తే, అత్తయ్య ఆరబోసిన మిరపకాయల పక్కన, బోర్లించిన పీట మీద, మడతలు మడతలుగా ఉన్న కాగితపు పలక ఒకటి నీళ్ళోడుతూ కనిపించింది.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"కారు ఎయిర్ ఫిల్టర్ అమ్మాయ్. ఇంజనుకి ముక్కు లాంటిది. గాలి ఇందులోంచే పోవాలి. సబ్బు నీళ్ళలో జాడించాను, చూడు ఎంత మురికి వచ్చిందో."

"కడగొచ్చా దీన్ని?"

"మంచినీళ్ళ ఫిల్టర్లో క్యాండిల్ కడగడం లేదూ? ఇదీ అంతే. కంపెనీవాళ్ళు ఊరికే మార్చమంటారు."

ఆ మంచినీళ్ళ ఫిల్టర్ క్యాండిల్‌ని ఆయన ప్రతి ఆదివారం కొబ్బరిపీచుతో రుద్ది ఎండబెట్టేవారు. అరిగిపోయి వంకరపోయినా పారేయనిచ్చేవారు కాదు. మా అత్తవారింట్లో ఏదీ ఒక్క వాడకంతో చావదు. పాలప్యాకెట్టు కూడా కడిగి ఆరేస్తారు. అలాంటి ఇంట్లో కాగితం ఫిల్టర్‌కి స్నానం చేయించడం వింతేమీ కాదు. సాయంత్రానికి అది ఆరాక, వాహనపూజ కోసం దాని రబ్బరు అంచు మీద ఉంగరంవేలితో కుంకుమ బొట్టు పెట్టారు. బియ్యపుగింజంత బొట్టు. తర్వాత దాన్ని బానెట్ కింద డబ్బాలో పెట్టి, క్లిప్పులు నొక్కి, నిమ్మకాయ తొక్కించి, కారుని వీధి చివరిదాకా తిప్పుకొచ్చారు.

పండగ తర్వాత మా నాయన జమ్మి ఆకు పట్టుకుని వచ్చాడు. దాన్ని మా వైపు బంగారమంటాం. మామయ్యగారి చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోవడం మా ఆచారం. పెద్దమనిషి ఆ కౌగిలికి కొయ్యలా బిగుసుకుపోయారు. ఆ తర్వాత టీ వచ్చింది, ఫ్యాను తిరిగింది, మాటలు అయిపోయాయి. ఏదో ఒకటి మాట్లాడాలని మామయ్యగారు ఫిల్టర్ కడిగిన వైనం మొదలుపెట్టారు. మా నాయన ముఖం చూడాలి మీరు! లారీల కింద పడుకుని సగం జీవితం గడిపినవాడు. నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు. "మంచిగ చేసిన్రు బావగారు" అన్నాడు.

మామయ్యగారు మధ్యాహ్నం కునుకు తీయడానికి లోపలికి వెళ్ళగానే, నన్ను బాల్కనీలోకి పిలిచాడు.

"బిడ్డా, కాగితం ఫిల్టర్‌ను కడుగుతరా ఎవరన్న? తడిస్తే దాని పోగులు ఇచ్చుకపోతయ్. దుమ్మంతా సీదా ఇంజన్లకే పోతది. బండి ఖరాబైతది."

"అయితే ఆయనకి చెప్పు నాయినా."

"నేనెట్ల చెప్త? పిలగాని తండ్రి ఆయన. పెద్దమనిషి. చదువుకున్నోడు. ఇయ్యంకుని ఇంటికి వచ్చి నీకు తెల్వదు అనాల్నా? తప్పుగాదూ?"

"మరి బండి ఖరాబైతే?"

"కారు చాబీ ఇయ్యి జర" అన్నాడు.

ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్ళి కొత్త ఫిల్టర్ తెచ్చి, పార్కింగులో గప్‌చుప్‌గా మార్చేశాడు. అంతలో కడిగిన పాతదాని మీద బొట్టు చూశాడు. "అరే, బొట్టున్నదే దీనికి" అని పైకి ఫోన్ చేసి నన్ను కుంకుమ తెమ్మన్నాడు. నేను దేవుడి దగ్గర చిటికెడు తీసుకుని కాగితంలో పొట్లం కట్టి తెచ్చాను. మా నాయన బొటనవేలితో అద్ది, రబ్బరు అంచు మీద గట్టిగా ఒత్తాడు. లారీ బానెట్ మీద పెట్టినట్టే పెట్టాడు. కానీబిళ్ళంత అయింది.

"నాయినా, ఆయన గింజంత పెట్టారు!"

"బొట్టు బొట్టే బిడ్డా. ఎవరు చూస్తరు?"

ఆ రోజు నుంచి ప్రతి దసరాకీ ఇదే తంతు. పండగ పొద్దున్న మామయ్యగారు ఫిల్టర్ కడిగి ఎండబెట్టడం. పండగ వెళ్ళాక మా నాయన జమ్మి ఆకుతో, సీతాఫలాల సంచి అడుగున కొత్త ఫిల్టర్‌తో దిగడం. కునుకు వేళకి మార్చడం. పాతదాన్ని సంచిలో వేసుకుని వెళ్ళిపోవడం. ఏ పనీ లేకుండా బిడ్డ ఇంటికి రావడానికి మా నాయనకి మొహమాటం. ఈ పని దొరికాక, వచ్చే ముందు ఫోన్లో ఆయన గొంతులో ఉత్సాహం వినిపించేది. "బావగారు కడిగిండా? ఆరబెట్టిండా? సరే, రేపు వస్తా."

ఉగాదికి మామయ్యగారు ఒకసారి డబ్బా తెరిచి, ఫిల్టర్ తీసి, గోడకేసి మెల్లగా తట్టి దులిపేవారు. అప్పుడు కడిగేవారు కాదు. ఎండకి ఎత్తి పట్టుకుని, మడతల్లోంచి వెలుగు కనిపిస్తోందో లేదో చూసేవారు. "అమ్మాయ్, ఇటు రా. వెలుగు కనిపిస్తోందా? కనిపిస్తే ఇంకా ఊపిరుందన్నమాట. కనిపించకపోతే ఇక దాన్ని వదిలేయాలి." నేను చూసి కనిపిస్తోందండీ అనేదాన్ని. కనిపించదూ మరి! అది మా నాయన పెట్టిన కొత్తదాయె. "చూశావా, మన కడుగుడు మహిమ" అని మురిసిపోయేవారు. నేను చీరకొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తేదాన్ని.

ఫిల్టర్ ఎన్నాళ్ళకి మార్చాలి అని మీరు ఎవరినడిగినా కిలోమీటర్ల లెక్క చెప్తారు. కారుతో ఇచ్చిన పుస్తకంలోనూ ఆ లెక్కే ఉంది. దుమ్ము రోడ్లయితే ఇంకా ముందే మార్చమని కింద చిన్న అక్షరాల్లో ఉంది. మా కారు తిరిగేది మూసారాంబాగ్ నుంచి ఎల్బీ నగర్ దాకా, మహా అయితే మీర్‌పేట్. కిలోమీటర్లు లెక్కేస్తే ఏళ్ళ తరబడి మార్చక్కర్లేదు. కానీ ఎల్బీ నగర్లో ఫ్లైఓవర్లు కట్టినన్నాళ్ళూ మేమంతా సిమెంటు పీల్చే బతికాం. ఒకసారి ఆ చౌరస్తాలో ఇరుక్కుపోయినప్పుడు, అద్దం మీద దుమ్ము చూసి మామయ్యగారే అన్నారు. "ఆ పుస్తకం రాసినవాడు మన ఎల్బీ నగర్ చూళ్ళేదమ్మాయ్. ఇక్కడ దూరం లెక్క కాదు, దుమ్ము లెక్క. ఏడాదికోసారి కొత్తది పడాల్సిందే."

"కొత్తదా? మనం కడుగుతాం కదండీ?" అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఆగి, "అదే, కడిగితే కొత్తదే కదా" అన్నారు. అప్పుడు నాకేమీ అనిపించలేదు.

ఇంకోసారి కింది ఫ్లాటాయన, మామయ్యగారి మాట పట్టుకుని తన కారు ఫిల్టర్ కూడా కడిగాడు. అది దగ్గడం మొదలెట్టింది. లబోదిబోమంటూ వచ్చాడు. మామయ్యగారు చొక్కా వేసుకుని, తనే అతన్ని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళి కొత్తది కొనిపించారు. "మీరు కడక్కండి సార్, మార్చేయండి. మా బండి సంగతి వేరు లెండి" అని చెప్పడం నేను మెట్ల మీంచి విన్నాను. ఈ పెద్దాయన తన పట్టుదల ఒక్క మన కారు మీదే చూపిస్తారేమిటా అనుకున్నాను. లెక్కల టీచర్నని పేరే గానీ, ఆ చిన్న లెక్క నాకు అందలేదు.

పోయిన చలికాలం మా నాయనకి మోకాలి ఆపరేషన్ అయింది. మామయ్యగారు బత్తాయిలు పట్టుకుని ఆస్పత్రికి వచ్చారు. మంచం పక్కన కుర్చీలో బుద్ధిగా కూర్చున్నారు. పలకరింపులయ్యాయి. పైన ఫ్యాను కూడా లేదు, ఏసీ గది. ఇద్దరికీ చూడ్డానికి ఏమీ దొరకలేదు.

"బండి ఎట్ల నడుస్తుంది బావగారు?" అన్నాడు మా నాయన.

"మీ చలవ వల్ల బ్రహ్మాండంగా నడుస్తోంది బావగారూ."

మా నాయన అది మర్యాద మాటనుకుని నవ్వాడు. మామయ్యగారు ఇంకేదో చెప్పబోయినట్టు కుర్చీ కొంచెం ముందుకి జరుపుకున్నారు. అంతలో నర్సు వచ్చింది. ఆయన లేచి నిలబడి, "దసరాకి మాత్రం తప్పకుండా రావాలి. ఈసారి భోజనానికి రావాలి" అన్నారు. "వస్తా బావగారు, కాలు మంచిగైతే వస్తా" అన్నాడు మా నాయన. భోజనం మాట మాత్రం ఎత్తలేదు.

దసరా రాకముందే, వానాకాలం మధ్యలో, ఆయన వెళ్ళిపోయారు.

కబురు విని మా నాయన చేతికర్రతో వచ్చాడు. ఆయన పాదాల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, నా పెళ్ళికి కూడా ఏడవని మనిషి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఇన్నేండ్లు పెద్దాయనకు అబద్ధమాడిన బిడ్డా. ఆయన కడుగుడు, నేను దొంగలెక్క మార్చుడు. కడుగుడుతోనే బండి మంచిగున్నదని అందరికి చెప్పుకునేటోడు పాపం. ఎన్నడన్న చెప్పి, ఇద్దరం నవ్వుకుందామనుకున్న. చెప్పకుంటనే పాయె."

"నువ్వు మంచికే చేశావు కదా నాయినా."

"మంచికే చేసిన. కానీ ఆయన్ని తెల్వనోన్ని చేసి పంపిన."

ఆ మాట మా నాయనని వదల్లేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ అక్కడికే వచ్చి ఆగేవాడు. నేనైనా ఏదో ఒక దసరాకి గుట్టు విప్పేసి ఉంటే పోయేది కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ దొంగాట చూడ్డం నాకు సరదాగా ఉండేది. ఆట అయిపోయే రోజు ఒకటుంటుందని తోచలేదు.

పెద్దకర్మ రోజున పోయినవారి పేరు మీద పెట్టే భోజనం కాదనకూడదు. మా నాయన పంక్తిలో కూర్చున్నాడు. ఎదురుగా గోడకి దండ వేసిన మామయ్యగారి ఫోటో ఉంది. మా అత్తవారింట్లో మా నాయన అన్నం తినడం అదే మొదటిసారి. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా ఉండగా భోజనం చూడాలన్న నా కోరిక అలా తీరింది. ఎవరికీ అలా తీరకూడదు.

దసరా వచ్చింది. ఏడాది పాటు మా ఇంట్లో పండగల్లేవు. వాహనపూజ లేదు, నిమ్మకాయలు లేవు. పీట మేడ మీద ఖాళీగా ఉంది. అయినా పండగ వెళ్ళాక మా నాయన సంచి పట్టుకుని వచ్చాడు.

"బావగారు లేకున్నా రోడ్డు మీద దుమ్ము ఆగదు గద బిడ్డా" అన్నాడు.

ఈసారి దాచడానికి ఎవరూ లేరు. అత్తయ్య కూడా మాతో పాటు పార్కింగులోకి దిగింది. మా నాయన బానెట్ ఎత్తి, క్లిప్పులు విప్పి, పాత ఫిల్టర్ బయటికి తీశాడు. మడతల్లో ఏడాది దుమ్ము నిండి ఉంది. అలవాటుగా ఎండకెత్తి చూశాడు. ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"బిడ్డా, ఇదేంది?"

రబ్బరు అంచు మీద, పోయిన దసరాకి మా నాయన బొటనవేలితో ఒత్తిన కానీబిళ్ళంత బొట్టు వెలిసిపోయి ఉంది. దాని పక్కనే, ఆనుకుని, ఇంకా ఎర్రగా ఇంకో బొట్టు ఉంది. బియ్యపుగింజంత.

అత్తయ్యే చెప్పింది.

"మొన్న ఉగాదికి పెట్టారు అన్నయ్యగారూ. ఆయనకి మొదటి ఏడే తెలిసింది. ఉగాదికి దులపడానికి తీస్తే అంత పెద్ద బొట్టుంది. 'ఇది నా వేలు కాదు, బావగారి వేలు' అని నాకు తెచ్చి చూపించారు. దుకాణానికి వెళ్ళి అడిగితే కాగితం ఫిల్టర్ కడక్కూడదని కూడా చెప్పారట."

"తెలిసి మళ్ళ ఎందుకు కడిగిండు చెల్లెమ్మా? ప్రతి దసరాకి ఆరబెట్టిండు గద!"

"నేనూ అదే అడిగాను. 'కడగడం మానేస్తే ఆయన ఇంక ఏ పని మీద వస్తాడే? ఎలాగూ ఏడాదైన ఫిల్టరే కదా, తడిస్తే పోయేదేముంది' అన్నారు. నోటితో చెప్తే మీరు చిన్నబుచ్చుకుంటారని భయం. ఈ ఉగాదికి బొట్టు పెట్టి, పిల్లాడిలా నవ్వుకున్నారు. 'దసరాకి బావగారు దీన్ని తీస్తాడు, చూస్తాడు, అప్పుడు నేను లిఫ్టులోంచి దిగి, దొరికిపోయారు బావగారూ అంటాను. ఆ రోజు మాత్రం అన్నం పెట్టకుండా పంపను' అన్నారు."

లిఫ్టు తలుపు వైపు ముగ్గురం ఒక్కసారే చూశాం. ఎందుకు చూశామో చెప్పలేను.

మా నాయన ఫిల్టర్‌ని కారు మీద పెట్టి, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నాకెరుక అని ఒక్క మాట అనకపాయె బావగారు. ఆ దవాఖానలనన్న అనకపాయె. నా పట్టింపు మన్నుగాను, ఒక్కపూట కూసొని తిందును గద ఆయనతోని" అన్నాడు.

కొత్త ఫిల్టర్ పెట్టాడు. దానికి బొట్టు లేదు. పాతది ఎప్పటిలాగే సంచిలో వేసుకోబోతే అత్తయ్య చెయ్యి చాపింది. "అది నాకివ్వండి అన్నయ్యగారూ" అని తీసుకుని మేడ మీదికి వెళ్ళి, బోర్లించిన పీట మీద ఎండలో పెట్టి వచ్చింది. ఎందుకని మేమెవరమూ అడగలేదు. వచ్చి, కంచం పెట్టింది. మా నాయన మారు మాట్లాడకుండా చేతులు కడుక్కుని కూర్చున్నాడు. పప్పూ, గోంగూర పచ్చడీ వడ్డించాను. నెయ్యి వేశాను. నాలుగు ముద్దలు తిన్నాడు.

అప్పుడే కిటికీ రేకు మీద టపటపమని చినుకులు మొదలయ్యాయి. మా నాయన చేతిలో ముద్ద ఆగింది.

"మీద ఉన్నది గద! తడుస్తది!"

"నేను తెస్తాను నాయినా, నువ్వు తిను" అంటూనే ఉన్నాను. కూర్చుంటే లేవడానికి మనిషి సాయం కావాల్సిన వాడు, అన్నం మధ్యలో, ఎంగిలి చేత్తోనే లేచాడు. కర్ర కూడా తీసుకోలేదు. లిఫ్టు మా అంతస్తు వరకే. అక్కడి నుంచి మెట్లే. ఒక చెయ్యి గోడకి ఆనించి, కుంటుకుంటూ ఎక్కాడు. నేను వెనకాలే పరిగెత్తాను. నేను మేడ మీదికి చేరేసరికి ఆయన అప్పటికే తిరిగి వస్తున్నాడు. కుడిచెయ్యి అన్నం మెతుకులతో దూరంగా పట్టుకుని, ఎడమచేత్తో ఆ పాత ఫిల్టర్‌ని చొక్కా లోపల గుండెకి అదుముకుని ఉన్నాడు. వీపంతా తడిసిపోయింది.

"కాగితం బిడ్డా, తడవొద్దు" అన్నాడు.

మెట్ల మీద ఆగి చొక్కా లోంచి తీసి చూపించాడు. రెండు బొట్లూ అలాగే ఉన్నాయి. కిందికి వచ్చి దాన్ని ఎదుటి కుర్చీలో పెట్టి, కంచం ముందు కూర్చుని, మిగిలిన అన్నం తిన్నాడు.